రిఫరల్ అడగడం మానేశాక దొరికిన ఉద్యోగం: అమెరికాలో ఓ ఎంఎస్ సివిల్ విద్యార్థి కేసు

ఈ కేసు 2024లోది. విద్యార్థి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లు, యూనివర్సిటీ, కంపెనీల పేర్లు తీసేశాను.

కుర్రాడు బీటెక్ సివిల్ చేసి, రెండేళ్లు తాగునీటి పైపులైన్ పనుల్లో సైట్ ఇంజినీరుగా ఉన్నాడు. 2022 ఆగస్టులో అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ సివిల్‌లో చేరాడు. వాటర్ రిసోర్సెస్ అతని స్పెషలైజేషన్. ఆర్క్‌జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసే జీఐఎస్ సాఫ్ట్‌వేర్), సివిల్ 3డి (డిజైన్‌కు), ఈపీఏనెట్ (నీటి పైపుల లెక్కలకు) బాగానే వచ్చు. 2024 మే 10న కోర్సు అయిపోతుందనగా, జనవరిలో సలహా కోసం నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే వందల్లో అప్లికేషన్లు పెట్టి ఉన్నాడు. రిక్రూటర్ల దాకా వెళ్లినవి ఒకటీ అరా. అవి కూడా "స్పాన్సర్‌షిప్ కావాలా?" (అంటే వీసాకు కంపెనీ దరఖాస్తు పెట్టాలా) అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

మొదటి మాటల్లోనే చెప్పాడు, "నాకు ఇక్కడ నెట్‌వర్క్ లేదండీ" అని. లింక్డిన్ తెరిపిస్తే కనెక్షన్లు రెండు వేలు దాటి ఉన్నాయి.

కనెక్షన్ల జాబితా తీసి చూస్తే

లింక్డిన్‌లో మన డేటా మనం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీ కింద ఉంటుంది ఆ ఆప్షన్. కనెక్షన్లన్నీ పేరు, కంపెనీ, హోదా, కలిసిన తేదీతో ఒక ఫైల్‌గా వస్తాయి. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరితో మొదట చేయించే పని ఇదే. ఎక్సెల్‌లో పెట్టి హోదా కాలమ్‌ను వరుసగా చదివితే చాలు, గంటలో జబ్బేమిటో తెలిసిపోతుంది.

ఇతని జాబితాలో సగానికి పైగా విద్యార్థులే. కొందరు తనలాగే ఉద్యోగం వెతుకుతున్నవారు, కొందరు ఇంకా ఇంటర్న్‌షిప్ కోసం చూస్తున్నవారు. తర్వాతి పెద్ద గుంపు సాఫ్ట్‌వేర్ వాళ్లది: బీటెక్ బ్యాచ్‌మేట్లు, వాళ్ల రూమ్మేట్లు, వాళ్ల ఫ్రెండ్స్. ఆ తర్వాత బెంచ్ సేల్స్ రిక్రూటర్లు, అంటే పని లేక ఖాళీగా ఉన్న ఐటీ కన్సల్టెంట్లను కంపెనీలకు చూపించేవాళ్లు. నీళ్ల పైపులకు, పంపులకు, డిజైన్‌కు సంబంధించిన పని చేస్తూ అమెరికాలో జీతం తీసుకుంటున్నవాళ్లు పది మందికి అటూ ఇటూ తేలారు. వాళ్లలో ఒక్కరితో కూడా మాట్లాడలేదు.

మనవాళ్లలో ఇది చాలా మామూలు. వాట్సాప్ గ్రూపులు రూమ్ దొరకడానికి, ఎయిర్‌పోర్ట్ పికప్‌కి, పాత పుస్తకాలకి, ఒంట్లో బాగోనప్పుడు తోడుకి ఎంతగా పనికొస్తాయో చెప్పక్కర్లేదు. నేనూ వాటిని తీసిపారేయను. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గ్రూపులో ఉన్న 250 మందికీ తెలిసింది ఒకటే, భయమూ ఒకటే. ఒకరు ఏదైనా లింక్ పెడితే రెండు వందల మంది అదే రోజు అప్లై చేస్తారు. కొత్త సమాచారం బయటి నుంచి రావాలి, ఆ బయటికి దారి మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

"సివిల్‌లో ఏముందన్నా"

గ్రూపు ఇచ్చిన సలహా ఏమిటో ఊహించడం కష్టమేమీ కాదు. "అన్నా, సివిల్‌లో ఏముందన్నా, డేటా ఇంజినీరింగ్ నేర్చుకో, మూడు నెలలు ట్రైనింగ్, వాళ్లే మార్కెటింగ్ చేస్తారు" అని రూమ్మేట్ ఒక కన్సల్టెన్సీ నంబర్ ఇచ్చాడు. ఆ కన్సల్టెన్సీ రెజ్యూమేలో ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతామంది, అవసరమైతే ఇంటర్వ్యూలో సాయం చేసే మనిషిని కూడా ఇస్తామంది.

ఇందులో నీతి సంగతి పక్కన పెట్టి, నిబంధన ఏమిటో మాత్రం చెప్పాను. ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) మీద చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. సివిల్ డిగ్రీతో డేటా ఇంజినీర్‌గా పనిచేస్తే ఆ సంబంధం ఏమిటో తర్వాత చూపించుకోవాల్సింది విద్యార్థే, కన్సల్టెన్సీ కాదు. రెజ్యూమేలో లేని అనుభవం రేపు హెచ్-1బి (కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా) పిటిషన్‌లోకి పాకితే అది అబద్ధపు సమాచారం ఇచ్చినట్టు లెక్క. ఆ మచ్చ గ్రీన్‌కార్డు దాకా వెంట వస్తుంది. అతను రెండు రోజులు ఆలోచించి వద్దనుకున్నాడు. ఇంటి దగ్గర లోన్ ఉంది కాబట్టి ఆ రెండు రోజులు తేలిగ్గా గడవలేదు.

ఎవరిని కలవాలో ప్రభుత్వ ఫైళ్లే చెబుతాయి

నెట్‌వర్కింగ్ అనగానే అందరూ మెసేజ్‌లతో మొదలుపెడతారు. అంతకుముందు చేయాల్సిన పని ఒకటుంది: అసలు మనలాంటివాళ్లను తీసుకునే కంపెనీలేవో తెలుసుకోవడం.

హెచ్-1బి పిటిషన్ వేయడానికి ముందు ప్రతి కంపెనీ అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఎల్‌సీఏ అనే దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తుల డేటాను డిపార్ట్‌మెంట్ ఎక్సెల్ ఫైళ్లుగా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. కంపెనీ పేరు, ఉద్యోగం పేరు, పనిచేసే ఊరు, ఇవ్వజూపిన జీతం, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి వృత్తికీ ఒక కోడ్ ఉంటుంది. సివిల్ ఇంజినీర్లకు 17-2051, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్లకు 17-2081. ఈ రెండు కోడ్‌లతో, తను ఉన్న రాష్ట్రం, చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాలతో ఫిల్టర్ చేయమన్నాను. ఎల్‌సీఏ పెట్టినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు కాబట్టి, వచ్చిన పేర్లను యుఎస్‌సీఐఎస్ (వలస, వీసా దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వారి హెచ్-1బి ఎంప్లాయర్ డేటా హబ్‌లో వెతికి, నిజంగా ఆమోదాలు ఉన్నవాటినే ఉంచాడు.

తేలిన జాబితాలో అతను అప్పటిదాకా అప్లై చేసిన కంపెనీలు కొన్నే ఉన్నాయి. ఎక్కువ భాగం రెండు మూడు వందల మంది ఉద్యోగులున్న ఇంజినీరింగ్ సంస్థలు, పేరు కూడా విననివి. ఊళ్లలో వాటర్ డిపార్ట్‌మెంట్లు మాత్రం దాదాపు కనపడలేదు. అతని అప్లికేషన్లలో మూడో వంతు అలాంటి మునిసిపల్ ఉద్యోగాలకే వెళ్లాయి. పని అదే, కానీ అక్కడ తలుపు మూసే ఉంటుంది. ఆ పని కాంట్రాక్టుకు తీసుకునే కన్సల్టింగ్ సంస్థల్లో తలుపు కొంతైనా తెరిచి ఉంటుంది.

మరో పని కూడా ఇదే సమయంలో మొదలుపెట్టాడు. ఎన్‌సీఈఈఎస్ అనే లైసెన్స్ పరీక్షల సంస్థ నిర్వహించే ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష, 110 ప్రశ్నలది, ఏప్రిల్‌లో రాసి పాసయ్యాడు. అమెరికాలో సివిల్ ఇంజినీరుగా లైసెన్స్ దారిలో ఇది తొలి మెట్టు. వేరే దేశపు డిగ్రీ, వేరే దేశపు అనుభవం ఉన్నవాడిని చూసి అక్కడి ఇంజినీరుకు కలిగే సందేహాల్లో సగం ఈ ఒక్క లైన్ తీర్చేస్తుంది. సివిల్, మెకానికల్ వాళ్లు దీన్ని వాయిదా వేయడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మెసేజ్

అతను అప్పటిదాకా పంపుతున్న మెసేజ్ సారాంశం ఇది: "నమస్కారం సర్, నేను ఎంఎస్ సివిల్ చదువుతున్నాను, ఫుల్‌టైమ్ అవకాశాల కోసం చూస్తున్నాను, మీ కంపెనీలో ఈ పోస్టుకు రిఫర్ చేయగలరా, రెజ్యూమే జతచేశాను." తప్పు ఇంగ్లిష్ కాదు, మర్యాదగానే ఉంది. కానీ చదివిన మనిషికి ఇందులో చేయడానికి ఒకే పని మిగులుతుంది: ముక్కూ మొహం తెలియని మనిషికి పూచీ పడటం. ఎవరూ పడరు. పడినా అది కంపెనీ పోర్టల్‌లో ఒక టిక్కు మాత్రమే.

అవతలివాళ్లు ఇప్పుడు దేనితో తల పట్టుకున్నారో తెలుసుకోమని చెప్పాను. 2024లో అమెరికా నీటి రంగంలో దానికి జవాబు అందరికీ తెలిసిందే. ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) నిబంధన ప్రకారం అక్టోబర్ 16, 2024 లోపు ప్రతి నీటి సరఫరా సంస్థా వీధిలోని ప్రధాన పైపు నుంచి ఇళ్లకు వెళ్లే సర్వీస్ లైన్లన్నింటి జాబితా (ఇన్వెంటరీ) ఇవ్వాలి. ఒక్కో లైన్‌నూ నాలుగు వర్గాల్లో ఒకదాంట్లో పెట్టాలి: సీసం, మార్చాల్సిన గాల్వనైజ్డ్ పైపు, సీసం కానిది, తెలియదు. యాభై వేల మందికి పైగా నీళ్లిచ్చే సంస్థలు ఆ జాబితాను ఆన్‌లైన్‌లో పెట్టాలి. గడువు అక్టోబరే అయినా, మార్చి నాటికే చాలా ఊళ్ల మ్యాపులు ఎవరైనా చూసేలా ఉన్నాయి. కొన్నిచోట్ల సగం ఊరు "తెలియదు" రంగులోనే ఉంది.

ఇతను క్లాసు ప్రాజెక్టులో సరిగ్గా ఇలాంటి పనే చేశాడు. పన్నుల లెక్కల కోసం కౌంటీ వాళ్లు ప్రతి ఇంటికీ కట్టిన సంవత్సరం రాసి పెట్టుకుంటారు, అది బహిరంగ సమాచారం. సీసం పైపుల మీద నిషేధం 1986 నాటి చట్ట సవరణతో వచ్చింది, రాష్ట్రాలు తర్వాతి ఒకటి రెండేళ్లలో అమలుచేశాయి. ఆ తర్వాత కట్టిన ఇళ్లను "సీసం కానివి"గా తీసేయొచ్చు. మిగిలినవాటికే అసలు వెతుకులాట. ఇదంతా రెజ్యూమేలో "జీఐఎస్ ప్రాజెక్ట్" అని మూడు ముక్కల్లో ఉంది.

కొత్త మెసేజ్ ఒక కన్సల్టింగ్ సంస్థలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉన్న ఒకావిడకు వెళ్లింది. సారాంశం:

"మీ సంస్థ చేసిన ఫలానా ఊరి సర్వీస్ లైన్ మ్యాప్ చూశాను. రైల్వే లైన్‌కు ఉత్తరాన ఉన్న ఇళ్లు దాదాపు అన్నీ 'తెలియదు'లో ఉన్నాయి, కౌంటీ రికార్డులో మాత్రం వాటిలో చాలావాటికి కట్టిన సంవత్సరం 1990 తర్వాతే. అవి ఎందుకు అలా మిగిలాయో తెలుసుకోవాలని ఉంది. పాత లైన్‌నే వాడుకుని ఇల్లు మళ్లీ కట్టినందుకా? పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుంటే చాలు."

ఉద్యోగం ఊసు లేదు. రెజ్యూమే లేదు. 'సర్', 'మేడమ్' తీసేసి పేరు పెట్టి రాయడానికి మాత్రం అతనికి నా బలవంతం కావాల్సి వచ్చింది. తనకంటే పాతికేళ్లు పెద్దావిడను పేరు పెట్టి పిలవడమేమిటని ఒక పూటంతా ఆగాడు.

మర్నాడే జవాబు వచ్చింది. ప్రశ్నలోని ఊహ సరైనదే: పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టినా, వీధి నుంచి వచ్చే పైపు మారిందన్న రుజువు లేదు. ఇలాంటి ప్రశ్న ఆ పని చేసినవాళ్లకే తడుతుంది కాబట్టి ఆవిడకు మాట్లాడబుద్ధయింది. మెసేజ్ ఎంత చక్కగా రాసినా, ప్రశ్న అబద్ధమైతే రెండో వాక్యానికే దొరికిపోతారు. ఈ మెసేజ్‌ను కాపీ చేసి ఊరి పేరు మార్చి పంపుదామనుకునేవారికి ముందే చెబుతున్నాను, అది పనిచేయదు.

ఆ ఫోన్‌లో జరిగినది ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసు మలుపు తిరిగింది అక్కడే. ఆవిడ, అసలు తలనొప్పి జీఐఎస్ కాదని, ట్యాప్ కార్డులని చెప్పింది. దశాబ్దాల కిందట కనెక్షన్ ఇచ్చినప్పుడు చేత్తో రాసిన కార్డులు అవి. పైపు సైజు, లోతు, ఏ మూల నుంచి ఎన్ని అడుగులు అన్నది పెన్సిల్‌తో రాసి ఉంటుంది. స్కాన్ చేసిన వేల కార్డులు చదివి, కొట్టివేతలు, మళ్లీ రాసినవి చూసుకుని, మ్యాప్‌లో పెట్టాలి. కుర్రాళ్లెవరూ ఆ పనికి ఒప్పుకోవడం లేదు. అప్పుడు ఇతను తన సైట్ రోజుల్లోని ఎం-బుక్ గురించి చెప్పాడు: వేసిన ప్రతి మీటరు పైపునూ మెజర్‌మెంట్ బుక్‌లో రాయడం, కాంట్రాక్టర్ చెప్పిన పొడవుకు, నేలలో ఉన్న పొడవుకు తేడా వస్తే ఏ ఎంట్రీ దగ్గర తప్పిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడం. రెండేళ్లు అదే పని. రెజ్యూమేలో ఆ రెండేళ్లను "సైట్ సూపర్‌విజన్" అని ఒక లైన్‌లో సర్దేశాడు, ఇండియా అనుభవాన్ని ఇక్కడ ఎవరు చూస్తారులే అని. ఆవిడ మాత్రం దాని గురించే అడుగుతూ పోయింది. పదిహేను నిమిషాలనుకున్నది దాదాపు గంట సాగింది.

ఫోన్ పెట్టేసిన సాయంత్రమే థాంక్స్ మెయిల్ పంపాడు. వారం తర్వాత, పక్కన ఉన్న ఒక చిన్న ఊరి బహిరంగ డేటాతో రెండు పేజీల నోట్ చేసి పంపాడు: ఎన్ని ఇళ్లను రికార్డుల మీదే తేల్చేయొచ్చు, ఎన్నింటికి కార్డులు చూడాలి, ఎన్నింటికి తవ్వక తప్పదు. ఆవిడ అడగలేదు. ఫోన్‌లో "చేసి చూస్తాను" అన్నాడు కాబట్టి చేశాడు. పరిచయమైన వందమందిలో తొంభై మంది ఈ రెండో అడుగు దగ్గరే ఆగిపోతారని నా అనుభవం.

పేర్ల బ్యాడ్జీలు ఇచ్చే టేబుల్

అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ 1881లో మొదలైన సంఘం. రాష్ట్రాల వారీగా సెక్షన్లు ఉంటాయి. విద్యార్థులకు సభ్యత్వ రుసుము తక్కువ. ఏప్రిల్‌లో జరిగిన ఒక సెక్షన్ సమావేశానికి వాలంటీర్‌గా వెళ్లమన్నాను. హాల్లో కాఫీ పట్టుకుని నిలబడి ఎవరితో మాట్లాడాలో తెలియక ఫోన్ చూసుకోవడం మనవాళ్లకు అలవాటైన శిక్ష. బ్యాడ్జీల టేబుల్ దగ్గర కూర్చుంటే వచ్చిన ప్రతి ఒక్కరూ వాళ్లంతట వాళ్లే వచ్చి పేరు, కంపెనీ చెబుతారు. తన జాబితాలోని సంస్థ పేరు కనపడితే రెండో వాక్యం అతనిది: "మీరు ఇన్వెంటరీ పనిలో ఉన్నారా?" ఆ సంవత్సరం ఆ ప్రశ్నకు దాదాపు అందరిదీ ఒకటే నిట్టూర్పు. మధ్యాహ్నం విరామంలో ఆ నిట్టూర్చినవాళ్లే మళ్లీ కనపడితే మాట కలపడానికి కారణం సిద్ధంగా ఉంటుంది.

ప్రాజెక్ట్ మేనేజర్ కూడా అక్కడికి వచ్చింది. మొహం చూసింది అదే మొదటిసారి. ఇద్దరు ముగ్గురికి పరిచయం చేసింది.

వీసా మాట ఎప్పుడు, ఎవరితో

ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు వీసా ఎత్తొద్దు. అది ఆవిడ చేతిలో లేని విషయం. రిక్రూటర్ లేదా హెచ్‌ఆర్‌తో మొదటి మాటలోనే చెప్పేయాలి. అప్లికేషన్ ఫారంలో "ఇప్పుడు గానీ, భవిష్యత్తులో గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?" అని ఉంటే అవును అనే పెట్టాలి. కాదు అని పెట్టి ఆఫర్ దాకా వెళ్లి అక్కడ బయటపడితే, ఆఫర్ పోవడమే కాదు, పరిచయం చేసినవాళ్ల పరువు కూడా పోతుంది.

ఎలా చెప్పాలన్నది మాత్రం ముఖ్యం. చిన్న, మధ్యతరహా సంస్థల హెచ్‌ఆర్‌లో చాలామందికి ఓపీటీ అంటే తెలియదు. స్పాన్సర్‌షిప్ అనగానే లాయర్ ఖర్చు గుర్తొస్తుంది. ఇతను కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు ఇవి: "జూలై 8 నుంచి నాకు పనిచేయడానికి అనుమతి ఉంటుంది, మొదటి పన్నెండు నెలలకు మీ వైపు నుంచి ఏ దరఖాస్తూ అక్కర్లేదు. నా డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తుంది, మీరు ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. దానికి ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద మీ సంతకం కావాలి. ఆ తర్వాత కూడా ఉంచుకోవాలనుకుంటేనే హెచ్-1బి ప్రస్తావన." ఇందులో అబద్ధం లేదు, దాపరికం లేదు. "మూడేళ్ల తర్వాతి సంగతి" అని తెలియగానే చాలామంది గొంతు మారుతుంది.

ఓపీటీ మొదలయ్యే తేదీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ తేదీ నుంచి మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి గడపకూడదు. కోర్సు ముగిసిన 60 రోజుల లోపు ఏ తేదీనైనా మొదలుగా అడగవచ్చు. ఇతను దాదాపు చివరి తేదీ, జూలై 8 అడిగాడు. ఉద్యోగం జూన్‌లోనే వస్తే జూలై 8 దాకా చేరలేడు, అది నష్టమే. కానీ పరిచయాలు పండటానికి నెలలు పడతాయి. అన్ని కేసుల్లోనూ ఇదే సరైన తేదీ అనను, చేతిలో ఇంటర్వ్యూలు నడుస్తున్నవాళ్లు ముందు తేదీ పెట్టుకోవడమే మేలు.

ఉద్యోగం వచ్చిన దారి

ప్రాజెక్ట్ మేనేజర్ పనిచేసే సంస్థలో రాలేదు. అక్కడ టీమ్‌కు నచ్చాడు, హెచ్‌ఆర్ విధానం కుదరదంది. మే నెలాఖరు అది. ఇతను కుంగిపోయాడు, ఇన్ని నెలల పని గాలికి పోయిందన్నాడు. ఆవిడకు ఏమీ అడగకుండా, ప్రయత్నించినందుకు థాంక్స్ చెప్పి ఊరుకోమన్నాను.

జూన్ రెండో వారంలో పక్క రాష్ట్రం నుంచి, అతను ఎన్నడూ మాట్లాడని ఒక ఇంజినీరు మెయిల్ పెట్టాడు. "మీ రెండు పేజీల నోట్ చూశాను, కార్డులు చదవగలరట, ఫోన్ చేయొచ్చా?" అని. అక్టోబర్ గడువు మీద పడుతుంటే వాళ్ల జీఐఎస్ మనిషి ఉద్యోగం మానేశాడు. ప్రాజెక్ట్ మేనేజర్, ఆ ఇంజినీరు వెనకటికి ఒకే ఆఫీసులో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు. ఆవిడ ఆ నోట్‌ను అతనికి ఫార్వర్డ్ చేసింది, అంతే. ఆ సంస్థ పేరు ఇతని ఎల్‌సీఏ జాబితాలో ఉంది, పోర్టల్‌లో ఫిబ్రవరిలోనే అప్లై చేశాడు కూడా. ఆ అప్లికేషన్‌ను ఎవరూ తెరవలేదు.

ఇచ్చింది పెద్ద ఉద్యోగం కాదు. డిసెంబర్ వరకు గంటల లెక్కన తాత్కాలిక పని, ఇన్వెంటరీ పూర్తిచేయడానికి. జూలై 15న చేరాడు. ఓపీటీకి వారానికి కనీసం 20 గంటలు సబ్జెక్టుకు సంబంధించిన పని ఉంటే చాలు, తాత్కాలికమైనా చెల్లుతుంది. తాత్కాలికమంటే ఇంట్లో ఏం చెప్పుకోవాలని జంకాడు. అక్టోబర్‌లో ఈపీఏ మరో నిబంధన ఖరారు చేసి, సీసం పైపులను చాలావరకు పదేళ్లలో మార్చాలంది. జాబితా పని ముగిసేలోపే మార్పిడి డిజైన్ పని మొదలైంది. డిసెంబర్‌లో అతన్ని పర్మినెంట్ చేశారు.

దీన్ని నేను ఎలా చదువుతానంటే

మార్క్ గ్రానోవెట్టర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ శివారులో పరిచయాల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను, సమాచారం ఇచ్చిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచూ అన్నవాళ్లు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6, అరుదుగా అన్నవాళ్లు 27.8. దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు, దూరపు పరిచయస్తులకు కొత్తది తెలుసు అన్నది అతని వాదన. నెట్‌వర్కింగ్ క్లాసుల్లో దీన్ని చెప్పి, "కాబట్టి ఐదొందల మందికి రిక్వెస్టులు పంపండి" అంటారు. అక్కడే నాకు పేచీ.

లింక్డిన్ మీద రెండు కోట్ల మందితో జరిగిన ఒక ప్రయోగం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. బలహీనమైన బంధాలు ఉద్యోగ మార్పుకు సాయపడ్డాయి గానీ ఒక హద్దు వరకే, మరీ పలచబడితే లాభం తగ్గిపోయింది. డిజిటల్ ఎక్కువున్న రంగాల్లో బలహీన బంధాలు పనిచేస్తే, తక్కువున్న రంగాల్లో బలమైన బంధాలే పనిచేశాయి. సాఫ్ట్‌వేర్ సీనియర్లు ఇచ్చే నెట్‌వర్కింగ్ సలహా సివిల్ కుర్రాడికి సరిగా అతకకపోవడానికి ఇది ఒక కారణమని నేననుకుంటాను.

ఈ కేసులో గొలుసు చూడండి. కుర్రాడికి, ప్రాజెక్ట్ మేనేజర్‌కు మధ్య ఉన్నది పలచటి పరిచయం. ఆవిడకు, పక్క రాష్ట్రం ఇంజినీరుకు మధ్య ఉన్నది ఏళ్ల నమ్మకం. ఉద్యోగం ఆ రెండో ముడి మీదుగా వచ్చింది. పరాయి దేశంలో కొత్తగా దిగిన విద్యార్థి అలాంటి ముడి తనకు తాను రెండేళ్లలో వేసుకోలేడు. వేరే ఇద్దరి మధ్య ఉన్న ముడిలోకి తన పేరు వెళ్లేలా చేసుకోగలడు. ఆ వెళ్లడానికి ఒక వస్తువు కావాలి, ఫార్వర్డ్ చేయదగ్గది. రెజ్యూమేను ఎవరూ ఇష్టపడి ఫార్వర్డ్ చేయరు, చేస్తే పూచీ పడ్డట్టుంటుంది. "ఇది చూడు, నీకు పనికొస్తుంది" అంటూ రెండు పేజీల నోట్ పంపడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

పనిచేయనివి, తర్వాతి సంగతి

కెరీర్ ఫెయిర్ దండగైంది, అక్కడి కంపెనీల్లో ఎక్కువ భాగం పౌరసత్వం అడిగేవే. లింక్డిన్ ప్రీమియంకు కట్టిన డబ్బు వల్ల ఒరిగిందేమీ లేదు. ఒక అమెరికన్ సంస్థకు హైదరాబాద్‌లో ఉన్న డిజైన్ ఆఫీసు నుంచి ఇతని పాత సైట్ సీనియర్ రిఫరల్ పెట్టాడు, ఎంతో ప్రేమగా. స్పాన్సర్‌షిప్ లేదని ముందే రాసిన పోస్టు అది, ముందుకు కదల్లేదు. అయితే అమెరికా వైపు టీములు జూనియర్లకు ఏ పని ఇస్తాయి, ఏది హైదరాబాద్‌కు పంపుతాయి అన్నది ఆ సీనియర్ చెప్పడం వల్లే, ఇంటర్వ్యూలో ఏ పని చేయగలనని చెప్పాలో ఇతనికి తెలిసింది.

ఆ సంస్థ ఈ-వెరిఫైలో ఉంది కాబట్టి 2025లో స్టెమ్ పొడిగింపు వచ్చింది, 2027 జూలై వరకు. 2025 మార్చి హెచ్-1బి లాటరీలో పేరు పెట్టారు, రాలేదు. 85,000 వీసాలకు జరిగే ఎంపిక అది, మాస్టర్స్ కోటా 20,000తో కలిపి. ఆ సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చినప్పుడు వాళ్ల హెచ్‌ఆర్ మేనేజర్ కంగారుపడి ఇతన్నే అడిగింది. అమెరికాలోనే ఉండి వీసా స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబర్‌లో యుఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ తీసి చూపించి, లాయర్‌తో కూడా సరిచూసుకోమని చెప్పాడు.

అతనికి ఇప్పుడు వారానికి నాలుగైదు రిఫరల్ మెసేజ్‌లు వస్తున్నాయి. "నమస్కారం అన్నా" అని మొదలవుతాయి. ఎవరినీ రిఫర్ చేయడు. "నువ్వు చేసిన పని ఏదైనా రెండు పేజీల్లో పంపు, చదివి ఫోన్ చేస్తాను" అని జవాబిస్తాడు. ఇప్పటికి పంపినవాళ్లు ముగ్గురు. అందులో ఒకమ్మాయి పంపిన నోట్ పంపింగ్ స్టేషన్ కరెంటు బిల్లుల మీద. దాన్ని తన బాస్‌కు ఫార్వర్డ్ చేశాడట.